మధుమేహం, నడక వేళలు, పాదాల రక్షణ: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

గత సంచికలో మధుమేహం ఉన్నవారి ఆహారం గురించి రాసిన తరువాత శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం వ్యాయామం గురించే ఉన్నాయి. "నడవమని అందరూ చెబుతారు, ఎలా నడవాలో ఎవరూ చెప్పరు" అని ఒక పాఠకురాలు రాసిన మాటలో న్యాయం ఉంది. మాత్ర రాసేటప్పుడు ఎన్ని మిల్లీగ్రాములు, ఏ పూట, భోజనానికి ముందా తరువాతా అని వివరంగా చెప్పే వైద్యులం, వ్యాయామం దగ్గరికి వచ్చేసరికి "రోజూ కాస్త నడవండి" అన్న ఒక్క మాటతో సరిపెడుతున్నాము. వ్యాయామానికి కూడా మాత్రకు ఉన్నట్టే మోతాదు ఉంది, వేళ ఉంది, కొందరి విషయంలో జాగ్రత్తలూ ఉన్నాయి. ఆ సంగతులు స్పష్టం కావడానికి వీలుగా ఆరు ఉత్తరాలను ఎంచుకున్నాను.

ప్రశ్న: నా వయస్సు 63. ఉపాధ్యాయుడిగా పదవీ విరమణ చేశాను. తొమ్మిదేళ్ళుగా షుగరు ఉంది. మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ కలిసిన మాత్రను తెల్లవారుజామున లేవగానే వేసుకుని, పరగడుపునే నాగావళి ఒడ్డున గంటసేపు నడుస్తాను. ఈ మధ్య ఇంటికి తిరిగి వచ్చేసరికి చెమటలు పట్టి చేతులు వణుకుతున్నాయి. అది ఒంట్లోని షుగరు కరిగిపోతున్నదనడానికి గుర్తు అని తోటివారు అంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకుడు, శ్రీకాకుళం

జవాబు: మాస్టారూ, మీ తోటివారు మంచి మనసుతోనే చెప్పి ఉంటారు గాని, ఆ మాటను నమ్మితే ప్రమాదం. మీరు వర్ణించిన చెమట, వణుకు రక్తంలో గ్లూకోజు ఉండవలసిన దానికంటే కిందికి పడిపోయినప్పుడు కనిపించే లక్షణాలు. డెసిలీటరుకు 70 మిల్లీగ్రాముల కంటే తగ్గితే దానిని లో షుగరుగా పరిగణిస్తాము. ఆ స్థితిలో ఇంకా నడిస్తే చూపు మసకబారవచ్చు, మాట తడబడవచ్చు, దారిలోనే స్పృహ తప్పవచ్చు.

ఇలా ఎందుకు జరుగుతున్నదో చెబుతాను. గ్లిమెపిరైడ్ మీ క్లోమ గ్రంథి చేత ఇన్సులిన్‌ను విడుదల చేయిస్తుంది. మీరు భోజనం చేశారా లేదా అన్నది దానికి తెలియదు. మరొక వైపు, కండరం పని చేస్తున్నప్పుడు దాని కణాల లోపల ఉండే గ్లూట్-4 అనే వాహక ప్రోటీను కణం పైపొరకు చేరుకుని, ఇన్సులిన్ సాయం లేకుండానే రక్తంలోని గ్లూకోజును లోపలికి తీసుకుంటుంది. నడకలోని గొప్పతనం ఇదే: ఇన్సులిన్ సరిగా పని చేయని శరీరంలో కూడా ఈ రెండవ దారి తెరుచుకునే ఉంటుంది. అయితే మాత్ర ఒక దారిని, నడక మరొక దారిని ఒకే గంటలో తెరిచి, రాత్రి భోజనం తరువాత ఏమీ తినని కడుపుతో మీరు బయలుదేరితే, రక్తంలో ఉన్న కొద్దిపాటి గ్లూకోజు రెండు వైపులా వెళ్ళిపోతుంది. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారిలో ఇలా జరగడం చాలా అరుదు. గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్, గ్లిబెన్‌క్లమైడ్ వంటి మాత్రలు గాని, ఇన్సులిన్ గాని వాడేవారే ఈ జాగ్రత్త తీసుకోవాలి.

నడక మానవద్దు. గ్లిమెపిరైడ్‌ను సాధారణంగా ఉదయపు అల్పాహారంతో పాటు గాని, దానికి కొద్దిగా ముందు గాని వేసుకోవాలి. నడిచి వచ్చి, తినడానికి కూర్చునేటప్పుడు వేసుకోవచ్చునేమో మీ వైద్యుణ్ణి ఈ వారమే అడగండి. అంతవరకు ఒక వారం పాటు బయలుదేరే ముందు గ్లూకోమీటరుతో చూసుకోండి. 90 కంటే తక్కువగా ఉంటే ఒక చిన్న అరటిపండో, ఒక గ్లాసు చోడి (రాగి) అంబలో తీసుకున్న తరువాతే అడుగు బయట పెట్టండి. జేబులో గ్లూకోజు పొడి గాని చక్కెర పొట్లం గాని తప్పకుండా ఉండాలి. చెమట, వణుకు మొదలైతే అక్కడే కూర్చుని మూడు చెంచాల చక్కెరను నీళ్ళలో కలిపి తాగి, 15 నిమిషాలు ఆగి, మళ్ళీ పరీక్షించుకోండి. ఇంకా 70 లోపే ఉంటే అంతే చక్కెర మరొకసారి తీసుకోండి. బిస్కెట్లు, చాక్లెట్లు ఈ సమయంలో పనికిరావు, ఎందుకంటే వాటిలోని కొవ్వు వల్ల చక్కెర రక్తంలోకి ఆలస్యంగా చేరుతుంది. స్పృహ లేనివారి నోటిలో నీళ్ళు గాని చక్కెర గాని పోయకూడదని మీతో నడిచే మిత్రులందరికీ చెప్పండి. అటువంటప్పుడు వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళడమే మార్గం.

మీకు రక్తపోటు కూడా ఉండి, అటెనోలాల్, మెటోప్రొలాల్ వంటి మాత్రలు వాడుతున్నట్లయితే మరింత అప్రమత్తత అవసరం. ఆ మందులు గుండెదడను, వణుకును అణచిపెడతాయి కనుక, లో షుగరు వచ్చినా హెచ్చరికగా ఒక్క చెమట మాత్రమే మిగులుతుంది. ఎండలో పట్టిన చెమట అనుకుని దానినీ పట్టించుకోకపోతే ముప్పు. నడుస్తున్నప్పుడు ఛాతీలో బరువుగా అనిపించినా, ఎప్పుడూ లేని ఆయాసం వచ్చినా దానిని షుగరు ఖాతాలో వేయకుండా గుండె పరీక్ష చేయించుకోండి. మధుమేహం ఉన్నవారిలో గుండెపోటు నొప్పి లేకుండా కూడా రావచ్చు.

ఇంకొక సూచన. గంట నడకను ఒకేసారి పూర్తి చేయాలన్న నియమం ఏదీ లేదు. న్యూజిలాండ్‌లోని ఒటాగో విశ్వవిద్యాలయం వారు 41 మంది మధుమేహులతో చేసి 2016లో ప్రచురించిన అధ్యయనంలో, రోజుకు ఒకసారి 30 నిమిషాలు నడిచినప్పటి కంటే, మూడు పూటలా భోజనం కాగానే 10 నిమిషాల చొప్పున నడిచినప్పుడు భోజనానంతర గ్లూకోజు సగటున 12 శాతం తక్కువగా ఉంది. రాత్రి భోజనం తరువాత ఆ తేడా 22 శాతం. మన ఇళ్ళలో రాత్రి అన్నం తినగానే టీవీ ముందు కూర్చోవడమో, పడుకోవడమో అలవాటు కనుక ఈ ఫలితం మనకు మరీ ముఖ్యమని నేను నమ్ముతాను. ఉదయపు నడకను అరగంటకు తగ్గించుకుని, మిగిలినదానిని రెండు పూటల భోజనాల తరువాత మీ వీధిలోనే నడవండి.

ప్రశ్న: నాకు 47 ఏళ్ళు. పొందూరులో నూలు వడుకుతాను. పొద్దున్న ఇంటి పని, ఆ తరువాత సాయంత్రం దాకా రాట్నం ముందు కూర్చోవడం. రెండేళ్ళ క్రితం షుగరు బయటపడింది. రోజూ అరగంట నడవాలని డాక్టరమ్మగారు చెప్పారు. ఒళ్ళు వంచి ఇంత పని చేస్తుంటే మళ్ళీ నడక ఎందుకని మా అత్తగారు అంటారు. ఇంటి పని వ్యాయామం కిందికి రాదా?
– ఒక పాఠకురాలు, పొందూరు

జవాబు: అమ్మా, వాలుగ చేప దవడతో పత్తిని దువ్వి, ఏకులు చేసి, అంత సన్నని నూలు తీసే మీ పని ఎంత శ్రమతో కూడినదో చూసినవారికే తెలుస్తుంది. మీ అత్తగారి మాటను నేను తీసివేయను. అయితే ఆ శ్రమ అంతా వేళ్ళకు, భుజాలకు, కళ్ళకు, నడుముకు పడుతున్నది. రక్తంలోని గ్లూకోజును ఎక్కువగా వాడుకోగలిగిన పెద్ద కండరాలు తొడలలో, పిరుదులలో, పిక్కలలో ఉన్నాయి. మీరు కూర్చున్నంతసేపూ అవి పని లేకుండా ఉంటాయి.

ఇంటి పనిలో కొంత వ్యాయామం కిందికి వస్తుంది, కొంత రాదు. తేడా తెలుసుకోవడానికి ఒక తేలిక గుర్తు ఉంది: ఆ పని చేస్తూ పక్కవారితో మాట్లాడగలుగుతూ, పాట పాడబోతే మాత్రం ఊపిరి అందకపోతే అది తగినంత శ్రమ. బిందెలతో నీళ్ళు మోయడం, దుప్పట్లు ఉతికి పిండడం, వాకిలి ఊడ్చి కళ్ళాపి చల్లడం ఇందులోకి వస్తాయి. వంట చేయడం, బియ్యం ఏరడం, కూరలు తరగడం రావు. అటువంటి శ్రమ వారానికి మొత్తం 150 నిమిషాలు ఉండాలని, అది కనీసం మూడు రోజులకు పంచుకుని ఉండాలని, వరుసగా రెండు రోజులకు మించి ఖాళీ రాకూడదని వైద్య శాస్త్రం సూచిస్తున్నది. ఖాళీ ఎందుకు రాకూడదంటే, ఒకసారి శ్రమించిన కండరం ఇన్సులిన్‌కు చక్కగా స్పందించే గుణం ఒక రోజు నుంచి మూడు రోజుల వరకే నిలుస్తుంది. ఆదివారం నాడు చాలా దూరం నడిచినా ఆ ఫలితం గురువారానికి మిగలదు.

మీ వృత్తికి ఇంతకంటే అవసరమైన సూచన మరొకటి ఉంది. ప్రతి అరగంటకు ఒకసారి రాట్నం దగ్గర నుంచి లేవండి. మూడు నిమిషాలు చాలు: వసారాలో అటూ ఇటూ నడవండి, గోడ పట్టుకుని మడమలు పైకెత్తి మునివేళ్ళ మీద పదిహేనుసార్లు లేవండి, స్టూలు మీద కూర్చుని చేతుల సాయం లేకుండా పదిసార్లు లేచి కూర్చోండి. ఎక్కువసేపు కూర్చోవడాన్ని ఇలా అరగంటకొకసారి మూడేసి నిమిషాలు తుంచినప్పుడు మధుమేహుల భోజనానంతర గ్లూకోజు తగ్గినట్టు పరిశోధనలు చూపించాయి. పని వేగం పోతుందని మీకు అనిపించవచ్చు. చేతిలో ఉన్న ఏకులు అయిపోయి కొత్తవి తీసుకునే సమయంలో లేస్తే దారం తెగదు, పనీ చెడదు.

వీధిలో ఊరికే నడిస్తే నలుగురూ ఏమనుకుంటారోనన్న సంకోచం గురించి మీరు రాయలేదు గాని, మీ వయస్సు స్త్రీలు అనేకమంది నాకు ఆ మాటే చెబుతారు. పని ఉంటేనే ఆడవారు గడప దాటాలన్న అలవాటు మన ఊళ్ళలో ఇంకా బలంగా ఉంది. చీకటి పడక ముందు మీతో నూలు వడికే నలుగురైదుగురు కలిసి బయలుదేరండి. ఒక్కరు నడిస్తే అడిగేవారు, అయిదుగురు నడిస్తే అడగరు. అదీ కుదరని రోజున డాబా మీద పదేసి నిమిషాల చొప్పున మూడుసార్లు నడిచినా లెక్కకు వస్తుంది. వీలైతే మీ అత్తగారిని కూడా తోడు తీసుకువెళ్ళండి.

ప్రశ్న: వేగంగా నడిచి వచ్చి పరీక్షిస్తే షుగరు 180 నుంచి 210కి పెరిగింది. ఒక రోజు ఉదయం 290 ఉంది. అలాంటప్పుడు నడవవచ్చునా?
– ఒక పాఠకుడు, రాజాం

జవాబు: తీవ్రంగా శ్రమించినప్పుడు అడ్రినలిన్ ప్రభావంతో కాలేయం తనలో దాచుకున్న గ్లూకోజును రక్తంలోకి వదులుతుంది. అందువల్ల కొద్దిసేపు అంకె పెరిగి, గంట రెండు గంటలలో దిగివస్తుంది. దానికి భయపడి నడక మానవద్దు. 290 సంగతి వేరు. టైప్ 2 మధుమేహం ఉండి, మీరు కులాసాగా ఉంటే, నీళ్ళు తాగుతూ నెమ్మదిగా నడవవచ్చు. కాని 250 దాటిన గ్లూకోజుతో పాటు మూత్రంలో కీటోన్లు (ఇన్సులిన్ చాలక శరీరం కొవ్వును కరిగించుకున్నప్పుడు పుట్టే పదార్థాలు) కనిపించినా, వాంతులు, జ్వరం, విపరీతమైన నీరసం ఉన్నా ఆ రోజు వ్యాయామం చేయకుండా వైద్యుణ్ణి కలవాలి. టైప్ 1 మధుమేహం (ఒంట్లో ఇన్సులిన్ దాదాపుగా తయారు కాని రకం) ఉన్న పిల్లల విషయంలో తల్లిదండ్రులు ఈ నియమాన్ని మరింత కచ్చితంగా పాటించాలి.

ప్రశ్న: మా అమ్మగారికి 60 ఏళ్ళు, 15 ఏళ్ళుగా షుగరు ఉంది. చెప్పు కాలి నుంచి జారిపోయినా ఆవిడకు తెలియడం లేదు. చెప్పులు లేకుండా గులకరాళ్ళ మీద నడిస్తే తిమ్మిర్లు పోతాయని ఎవరో చెప్పారట. పైగా ఈ ఆషాఢ మాసంలో సింహాచలం గిరి ప్రదక్షిణ చేస్తానని మొక్కుకున్నారు. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: మీ అమ్మగారి చేత గులకరాళ్ళ మీద నడవడం ఈ రోజే మాన్పించండి. చెప్పు జారిపోయినా తెలియకపోవడం అంటే, పాదాల నుంచి మెదడుకు కబురు మోసే నరాలు దెబ్బతిన్నాయని అర్థం. రాళ్ళు ఆ నరాలను బాగుచేయలేవు. ముల్లు గుచ్చుకున్నా, బొబ్బ లేచినా ఆవిడకు తెలియదు. తెలియని గాయం మీదనే మర్నాడూ నడుస్తారు. అది పుండై, చీము పట్టి, ఎముకకు చేరిన తరువాత ఆసుపత్రికి వస్తారు. పాదం పోగొట్టుకున్నవారిలో నేను చూసిన చాలామంది కథ ఒక చిన్న బొబ్బతోనో, చెప్పులో ఇరుక్కున్న ఒక రాయితోనో మొదలైంది. వారి ఇళ్ళవారు "ముందే చూసి ఉంటే" అని ఏడ్చిన మాట నేను మరచిపోలేను.

అలాగని నడక పూర్తిగా మానవలసిన పని లేదు. పుండు లేని పాదాలతో, తగిన పాదరక్షలు ధరించి, ఒక మోస్తరుగా నడిస్తే పుండ్లు పడే ముప్పు పెరగదు. ముందుగా ఆసుపత్రిలో సన్నని నైలాన్ పోగుతో చేసే మోనోఫిలమెంట్ పరీక్ష చేయించండి. మెత్తని ఎంసీఆర్ (మైక్రో సెల్యులార్ రబ్బరు) అడుగు ఉన్న, వెనుక పట్టీ ఉన్న చెప్పులు తీసుకోండి; కొనడానికి సాయంత్రం వెళ్ళండి, ఎందుకంటే ఆ వేళకు పాదాలు కొద్దిగా ఉబ్బి ఉంటాయి. తొడుక్కునే ముందు చెప్పును తిరగేసి దులిపి, లోపల చేతితో తడిమి చూడాలి. రాత్రి పడుకోబోయే ముందు మీరే ఆవిడ అరికాళ్ళను, వేళ్ళ సందులను దీపం వెలుతురులో చూడండి. వేడినీళ్ళలో కాళ్ళు పెట్టుకోనివ్వవద్దు. ఇప్పటికే పుండు ఉన్నట్లయితే మాత్రం అది మానేవరకు ఆ కాలి మీద బరువు వేయకూడదు. కుర్చీలో కూర్చుని చేతులతో చేసే వ్యాయామం చాలు.

ఇక మొక్కు విషయం. గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లు. స్పర్శ తెలియని పాదాలతో, చెప్పులు లేకుండా, అంత దూరం నడవడానికి వైద్యుడిగా నేను సమ్మతించలేను. మా ఇంట్లోనూ మొక్కులు ఉన్నాయి, వాటి విలువ నాకు తెలుసు. పెద్దలను అడిగి, ఆ మొక్కును స్వామి సన్నిధిలో మరొక విధంగా చెల్లించుకోండి. గుడి ప్రాకారం లోపల ప్రదక్షిణ చేయదలిస్తే, బండలు వేడెక్కక ముందే, శుభ్రమైన మందపాటి మేజోళ్ళతో నాలుగు చుట్లు తిరిగి, ఇంటికి రాగానే పాదాలు చూసుకోమనండి. మిట్టమధ్యాహ్నం కాలిన బండ మీద ఆవిడకు వేడి తెలియదు గాని చర్మం మాత్రం కాలుతుంది.

ప్రశ్న: నాకు 34 ఏళ్ళు. నెల్లిమర్ల దగ్గర ఉంటాను. నిరుడు షుగరు అని తేలింది. బరువులు ఎత్తాలని ఉంది. షుగరు ఉన్నవాళ్ళు బరువులు ఎత్తకూడదని మా బావగారు అంటున్నారు.
– ఒక పాఠకుడు, విజయనగరం జిల్లా

జవాబు: మీ పక్కనే ఉన్న కొండవెలగాడ ఆడపిల్లలు వెయిట్‌లిఫ్టింగులో పేరు తెచ్చుకున్నారు. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో కాంస్యం గెలిచి, ఒలింపిక్ పతకం పొందిన తొలి భారతీయ మహిళగా నిలిచిన కరణం మల్లీశ్వరి శ్రీకాకుళం జిల్లా బిడ్డ. బరువులెత్తడం మన ప్రాంతానికి కొత్త విద్య కాదు. మధుమేహం ఉన్నవారికి అది నిషిద్ధమూ కాదు, అవసరం. కండరం పెరిగినకొద్దీ గ్లూకోజు వెళ్ళి చేరే చోటు పెరుగుతుంది. నడకతో పాటు వారానికి రెండు మూడు రోజులు, మధ్యలో ఒక రోజు విరామం ఇస్తూ, కాళ్ళు, వీపు, ఛాతీ, భుజాలు అన్నింటికీ పని చెప్పండి. ఒక్కొక్క కదలికను పది నుంచి పదిహేనుసార్లు చేయగలిగినంత బరువుతో మొదలుపెట్టి, నెలల మీద పెంచుకోండి. ఊపిరి బిగపట్టవద్దు, ఎత్తేటప్పుడు వదలాలి, దించేటప్పుడు పీల్చాలి.

మీ బావగారి భయంలో నిజం ఒక్క చోట ఉంది, అది కంటిలో. మధుమేహం వల్ల కంటి వెనుక పొరలో పెళుసైన కొత్త రక్తనాళాలు పుట్టినవారు బిగబట్టి బరువెత్తితే అవి చిట్లి రక్తస్రావం కావచ్చు. జబ్బు నిరుడే బయటపడినా అది అంతకు ముందు ఎన్నేళ్ళ నుంచి ఉన్నదో చెప్పలేము కనుక, చుక్కల మందు వేసి చేసే రెటీనా పరీక్ష చేయించుకున్న తరువాతే బరువు ముట్టుకోండి.

ప్రశ్న: నాకు 52 ఏళ్ళు. కవిటి వైపు కొబ్బరి తోట ఉంది. షుగరు ఆరేళ్ళుగా ఉంది. కిడ్నీల పనితనం తెలిపే రక్తపరీక్షలో క్రియాటినిన్ 1.9 వచ్చింది. చెమట పడితే కిడ్నీలు పాడవుతాయని, కదలకుండా ఉండమని ఇరుగుపొరుగు అంటున్నారు.
– ఒక పాఠకుడు, ఉద్దానం

జవాబు: ఉద్దానంలో మధుమేహం లేనివారికి కూడా మూత్రపిండాల జబ్బు రావడం చూస్తున్న మీ ఊరివారు ఇలా భయపడటం సహజం. ఆ భయాన్ని గౌరవిస్తూనే చెబుతున్నాను: నడక మూత్రపిండాలను పాడుచేయదు. నీళ్ళు లేకుండా ఎండలో గంటల తరబడి శ్రమించడం, ఆ ఒళ్ళు నొప్పులకు డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వంటి మాత్రలు కొనుక్కుని మింగడం పాడుచేస్తాయి. తోట పనిని తెల్లవారిన దగ్గర నుంచి ఎండ ముదరక ముందే ముగించుకోండి. సాయంత్రం చల్లబడిన తరువాత పావుగంట, ఇరవై నిమిషాలు నడవండి. కాళ్ళ వాపు ఉన్నవారికి నీళ్ళ కొలత వేరుగా ఉంటుంది కనుక రోజుకు ఎంత తాగాలో వైద్యుణ్ణే అడగండి. చెట్టు మీది కొబ్బరి బోండాం చేతికి అందుతున్నా, రక్తంలో పొటాషియం ఎంత ఉన్నదో తెలుసుకోకుండా ఆ నీళ్ళు తాగవద్దు. వాటిలో పొటాషియం ఎక్కువ.

మరొక సంగతి. మూత్రపిండాలు నెమ్మదించినప్పుడు ఇన్సులిన్, కొన్ని షుగరు మాత్రలు ఒంట్లో ఎక్కువసేపు నిలిచి ఉంటాయి. ముఖ్యంగా గ్లిబెన్‌క్లమైడ్ వాడుతుంటే, తోటలో పని చేసిన రోజు రాత్రి నిద్రలో కూడా షుగరు పడిపోవచ్చు. మెట్‌ఫార్మిన్ మోతాదును కూడా మూత్రపిండాల పనితనాన్ని బట్టి సరిచూడవలసి ఉంటుంది. అందుచేత ఈసారి వైద్యుడి దగ్గరికి వెళ్ళేటప్పుడు మాత్రల చీటీ, రక్తపరీక్ష కాగితాలతో పాటు, మీరు ఏ వేళకు తోటకు వెళతారో, ఎంతసేపు పని చేస్తారో, ఎప్పుడు తింటారో ఒక కాగితం మీద రాసి తీసుకువెళ్ళండి; మందుల మోతాదు ఆ కాగితాన్ని చూసి నిర్ణయించమని అడగండి.